కన్ రాడ్‌ను పద్ధతిగా విరగ్గొట్టడం ఎలా: ఇంజన్ భాగాల మన్నిక పరీక్ష

నేను ఈ పనిలో చేరిన కొత్తలో 12 కనెక్టింగ్ రాడ్లు (కన్ రాడ్లు, అంటే పిస్టన్‌ను క్రాంక్ షాఫ్ట్‌కి కలిపే కడ్డీలు) రిగ్ మీద, అంటే లోడ్ వేసి పరీక్షించే యంత్రం మీద పెట్టి, చెప్పిన లోడ్‌లో చెప్పినన్ని సైకిల్స్ తిప్పాం. ఒక్కటీ విరగలేదు. రిపోర్టులో 'పాస్' అని రాసి ఉత్సాహంగా తీసుకెళ్లి ఇచ్చాను. మా సీనియర్ ఒక్కటే అడిగారు: "అయితే వందకి ఎన్ని విరుగుతాయి?" సున్నా అన్నాను. ఆయన ఏమీ అనకుండా కాలిక్యులేటర్ నా వైపు జరిపారు.

లెక్క ఇదీ. ఆ రాడ్లలో నూటికి 17 ఆ ఆయుష్షు లోపలే విరిగే రకం అనుకోండి. అంటే ఒక్కో రాడ్ బతికే అవకాశం 0.83. పన్నెండూ బతకాలంటే 0.83ని పన్నెండుసార్లు గుణించాలి. వచ్చేది సుమారు 0.11. నూటికి 17 పోయే సరుకైనా సరే, నా టెస్ట్‌ను పదిసార్లలో ఒకసారి దర్జాగా దాటేస్తుంది. నేను 'పాస్' అని రాసిన మాటకు ఉన్న విలువ అంతే.

అప్పట్నుంచి నేను టెస్ట్ ప్లాన్ చేసేది విరగ్గొట్టడానికే. ఏ లోడ్ దగ్గర, ఎన్ని సైకిల్స్‌కి, ఏ చోట విరిగిందో తెలిస్తేనే ఆ భాగం గురించి నాకేదైనా తెలిసినట్టు. ఇక్కడ ఎక్కువగా కన్ రాడ్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. క్రాంక్ షాఫ్ట్‌కైనా, వాల్వ్ స్ప్రింగ్‌కైనా దారి ఇదే, అంకెలు మారతాయంతే.

రెండు మాటలు ముందే విడదీసుకోండి. డ్యూరబిలిటీ అంటే ఎంతకాలం మన్నుతుంది అన్నది. రిలయబిలిటీ అంటే అంతకాలం వందలో ఎన్ని మన్నుతాయి అన్నది. మొదటి దానికి గంటలు, సైకిల్స్ చెప్పాలి. రెండో దానికి శాతం చెప్పాలి, ఆ శాతాన్ని ఎంత నమ్మకంతో చెబుతున్నారో కూడా చెప్పాలి.

ముందు, అది ఎలా చస్తుందో తేల్చుకోండి

రిగ్ దగ్గరికి వెళ్లకముందే ఒక కాగితం తీసుకుని, ఆ భాగం ఎన్ని రకాలుగా పాడవుతుందో రాయండి. కన్ రాడ్ అయితే షాంక్ (మధ్య కాడ) మధ్యలో ఫెటీగ్ క్రాక్ (లోడ్ పదేపదే పడి లోహం అలిసి వచ్చే పగులు) రావచ్చు, స్మాల్ ఎండ్‌లో (పిస్టన్ వైపు చివర) ఆయిల్ రంధ్రం అంచున మొదలుకావచ్చు, బిగ్ ఎండ్ (క్రాంక్ వైపు చివర) బోల్ట్ సీటు మూలలో మొదలుకావచ్చు, లేదా బోల్టే వదులై బిగ్ ఎండ్‌ను మూసే క్యాప్ కదలొచ్చు. క్రాంక్ షాఫ్ట్‌కి అసలు ప్రమాదం జర్నల్ (బేరింగ్‌లో తిరిగే భాగం) పక్కనున్న ఫిల్లెట్‌లో, అంటే గుండ్రంగా చేసిన మూలలో. వాల్వ్ స్ప్రింగ్ విరగనైనా విరుగుతుంది, విరక్కుండానే కొంత లోడ్ కోల్పోయి వాల్వ్‌ను సరిగ్గా మూయలేకపోనైనా పోతుంది. హెడ్ గ్యాస్కెట్‌ని చంపేది వేడి, చలవ మధ్య హెడ్ చేసే కదలిక. రబ్బరు సీల్‌ని చంపేది వేడికి గట్టిపడిపోవడం.

ఒక్కో చావుకి ఒక్కో టెస్ట్ కావాలి. బేరింగ్ షెల్స్‌నే (క్రాంక్ చుట్టూ ఉండే పల్చని బేరింగ్ రేకులు) చూడండి. స్థిరమైన స్పీడులో వెయ్యి గంటలు నడిపినా అవి పెద్దగా అరగవు, ఎందుకంటే ఆయిల్ ఫిల్మ్ మీద తేలుతూ ఉంటాయి. అరుగుదల స్టార్ట్ చేసినప్పుడు, ఆపినప్పుడు, ఆ ఫిల్మ్ ఇంకా ఏర్పడని క్షణాల్లో వస్తుంది. షెల్ అరుగుదల తెలియాలంటే గంటలు కాదు, స్టార్టులు లెక్కపెట్టాలి.

పాత మోడల్ నుంచి విరిగి వాపసు వచ్చిన భాగాలు ఉంటే వాటిని ముందు టేబుల్ మీద పరవండి. ఆ ముక్కల ముందు గంట కూర్చుంటే, మీటింగుల్లో తెలియనిది తెలుస్తుంది.

లోడ్ ఎంతో లెక్క వేయండి

కన్ రాడ్ మీద రెండు బలాలు పనిచేస్తాయి. ఒకటి, గ్యాస్ పిస్టన్‌ను నొక్కడం. బోర్ 80 మిల్లీమీటర్లు, సిలిండర్‌లో గరిష్ఠ ప్రెషర్ 80 బార్ అనుకుంటే, వచ్చే బలం సుమారు 40 కిలో న్యూటన్లు. నాలుగు టన్నుల బరువు ఆ సన్నని రాడ్ మీద కూర్చున్నట్టు. ఇది రాడ్‌ను నొక్కుతుంది.

రెండోది, పిస్టన్ పైకి వెళ్లి ఆగి మళ్లీ కిందికి తిరిగేటప్పుడు రాడ్‌ను లాగే బలం. పైకీ కిందికీ కదిలే బరువు అర కిలో, స్ట్రోక్ 90 మిల్లీమీటర్లు, స్పీడు 6000 ఆర్‌పీఎం, క్రాంక్ రేడియస్‌కీ రాడ్ పొడవుకీ నిష్పత్తి 0.3 అనుకోండి. ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర, పైన గ్యాస్ ప్రెషర్ లేనప్పుడు, ఈ లాగుడు 11.5 కిలో న్యూటన్ల దాకా వస్తుంది. 40 ముందు 11.5 ఎంత అనిపిస్తుంది. కానీ బోల్టులను, క్యాప్‌ను విప్పదీయడానికి చూసేది ఈ లాగుడే. పైగా ఇది స్పీడు వర్గంతో పెరుగుతుంది. తప్పు గేర్ పడి ఇంజన్ 6600కి వెళ్లిందంటే స్పీడు పెరిగింది 10 శాతమే, లాగుడు మాత్రం 21 శాతం పెరిగి 14 కిలో న్యూటన్ల దగ్గరికి పోతుంది.

రిగ్ మీద ఈ రెండూ ఉండాలి. ఒక సైకిల్‌లో 40 నొక్కి, 11.5 లాగాలి. లోడ్ పెంచి టెస్ట్ చేయాలనుకుంటే రెండిటినీ ఒకే నిష్పత్తిలో పెంచండి. నొక్కుడు ఒక్కటే పెంచితే షాంక్ దగ్గర విరుగుతుంది, లాగుడు ఒక్కటే పెంచితే బిగ్ ఎండ్ దగ్గర విరుగుతుంది. అప్పుడు విరిగే చోటును ఎంచుకున్నది మీరవుతారు. చాలా టెస్టులు చెడిపోయేది ఇక్కడే.

సైకిల్స్ సంగతి. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ 3000 ఆర్‌పీఎంలో నడుస్తుంటే ఒక్కో సిలిండర్‌లో సెకనుకు 25 సార్లు మంట అంటుకుంటుంది. గంటకు 90 వేలు. కోటి సార్లు కావాలంటే 111 గంటలు చాలు. అంటే ఏ ఇంజనైనా తన జీవితంలో కోటి సైకిల్స్‌ను చాలా తొందరగానే దాటేస్తుంది. ఉక్కు భాగాలకు కోటి సైకిల్స్ ఆగినదాన్ని 'రన్ అవుట్'గా, అంటే విరక్కుండా గట్టెక్కినదిగా లెక్కపెట్టడం మామూలు. రిగ్ సెకనుకు 40 సైకిల్స్ కొడితే కోటికి దాదాపు 70 గంటలు, 100 కొడితే 28 గంటలు పడుతుంది.

అన్నట్టు, వేడి. ఉక్కు కన్ రాడ్‌ను గది ఉష్ణోగ్రతలో పరీక్షిస్తే పెద్ద తేడా రాదు. అల్యూమినియం పిస్టన్‌ను అలా పరీక్షించారంటే మాత్రం ఆ టెస్ట్‌కు అర్థం లేదు. పనిలో ఉన్న పిస్టన్ తల 300 డిగ్రీల దగ్గర్లో ఉంటుంది, ఆ వేడికి ఆ లోహం బలంలో చాలా భాగం పోతుంది.

ఎన్ని శాంపిల్స్, ఎక్కడివి

ఒక్కటీ విరగకూడదు అనే షరతుతో టెస్ట్ చేస్తే, ఎన్ని శాంపిల్స్ కావాలో చిన్న సూత్రంతో తేలుతుంది. ఒకటి నుంచి మీకు కావలసిన నమ్మకాన్ని తీసేసి, మిగిలినదానికి సహజ లాగరిథమ్ తీయండి. దాన్ని రిలయబిలిటీ లాగరిథమ్‌తో భాగించండి. 90 శాతం రిలయబిలిటీని 90 శాతం నమ్మకంతో చెప్పాలంటే 22 శాంపిల్స్. 95 శాతం రిలయబిలిటీ కావాలంటే 45. 99 కావాలంటే 230. ఈ చివరి అంకె చూపించగానే మేనేజర్ల ముఖాలు మారిపోతాయి.

తగ్గించే దారి ఉంది. ఒక్కో శాంపిల్‌ను కావలసిన ఆయుష్షుకు రెట్టింపు నడపండి. ఆ భాగం క్రమంగా అరిగి, అలిసి పోయే రకమై, కింద చెప్పబోయే బీటా విలువ 2 ఉంటే, 22 శాంపిల్స్ పని 6 శాంపిల్స్‌తో అయిపోతుంది. ఒకటిన్నర రెట్లు నడిపితే 10 కావాలి. షరతు ఏంటంటే, ఆ బీటా మీకు పాత టెస్టుల నుంచి నిజంగా తెలిసి ఉండాలి. తెలియకుండా 2 అని వేసుకోవడం, శాంపిల్స్ తగ్గించుకోవడానికి చెప్పే సాకు.

లెక్క ఎంత బాగున్నా శాంపిల్స్ సరైనవి కాకపోతే అంతా వృథా. ల్యాబ్‌కి పంపమంటే షాప్‌లో వాళ్లు మంచివి ఏరి పంపుతారు. అందులో దురుద్దేశం ఉండదు, మంచి సరుకు పంపాలన్నది మనిషి అలవాటు. అందుకే మీరే వెళ్లి తీసుకోండి. కనీసం మూడు వేర్వేరు బ్యాచ్‌ల నుంచి, మామూలు ప్రొడక్షన్ లైన్ నుంచి తీసుకోండి. ఉపరితలం రుద్దొద్దు, మెరుగు పెట్టొద్దు. ఫోర్జింగ్ గరుకుతనం, షాట్ పీనింగ్ (చిన్న గుండ్లతో పైపొరను కొట్టి గట్టిపరచడం) ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి, ఫెటీగ్ మొదలయ్యేది పైపొరలోనే కాబట్టి. డ్రాయింగ్ అనుమతించిన టాలరెన్స్ చివరి అంచున ఉన్న ముక్కలు రెండు మూడు దొరికితే వాటిని తప్పకుండా కలపండి.

రిగ్ ఎక్కించే ముందు ఒక్కోదానికి కొలతలు, బరువు, హార్డ్‌నెస్ రాసుకోండి. ఉక్కు అయితే మాగ్నెటిక్ క్రాక్ టెస్ట్, అల్యూమినియం అయితే డై పెనిట్రెంట్ (రంగు ద్రవంతో పగుళ్లు పట్టే పరీక్ష) చేయండి. నంబరును లోడ్ పడని చోట, అదీ రంగుతోనో ఎలక్ట్రిక్ పెన్సిల్‌తో తేలిగ్గానో రాయాలి. స్టీల్ పంచ్‌తో షాంక్ మీద నంబర్ కొట్టిన శాంపిల్, ఆ నంబర్ దగ్గరే విరిగితే తప్పు రాడ్‌ది కాదు.

బోల్టులు ప్రొడక్షన్ లైన్‌లో బిగించే పద్ధతిలోనే బిగించాలి. అదే ఆయిల్, అదే టార్క్, అదే యాంగిల్. ఆయిల్ మారితే ఫ్రిక్షన్ మారుతుంది, ఫ్రిక్షన్ మారితే అదే టార్క్‌కి బోల్ట్‌లో వచ్చే బిగువు మారిపోతుంది. బిగించక ముందు, బిగించాక బోల్ట్ పొడవు మైక్రోమీటర్‌తో కొలిచి రాసుకుంటే చివర్లో పనికొస్తుంది.

రిగ్ చెప్పే అంకెను నమ్మే ముందు

స్క్రీన్ మీద 40 కిలో న్యూటన్లు అని కనిపిస్తే రాడ్ మీద 40 పడుతోందని కాదు. లోడ్ సెల్‌కి (బలాన్ని కొలిచే సెన్సర్) క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉంటుంది కానీ అది మెల్లగా లోడ్ వేసి చూసింది. వేగంగా ఊగేటప్పుడు లోడ్ సెల్‌కీ శాంపిల్‌కీ మధ్యనున్న గ్రిప్ బరువు కూడా తన బలం తాను చూపిస్తుంది. 10 కిలోల గ్రిప్ అర మిల్లీమీటర్ అటూ ఇటూ ఊగుతుంటే, 30 హెర్ట్జ్ దగ్గర ఆ తప్పు 180 న్యూటన్లు. పట్టించుకోనక్కర్లేదు. అదే 100 హెర్ట్జ్ దగ్గర దాదాపు 2 కిలో న్యూటన్లు. 40లో 2 అంటే 5 శాతం, ఫెటీగ్‌లో అది చిన్న తేడా కాదు. అందుకే ఒక శాంపిల్‌కి స్ట్రెయిన్ గేజ్‌లు (లోహం ఎంత సాగిందో, ఎంత నలిగిందో కొలిచే పల్చని సెన్సర్లు) అతికించి, అదే వేగంలో తిప్పి, రాడ్ స్వయంగా ఏం చెబుతోందో చూడండి.

ఆ గేజ్‌లను షాంక్ చుట్టూ నాలుగు వైపులా అతికించండి. నాలుగూ దాదాపు ఒకే రీడింగ్ ఇవ్వాలి. ఒక పక్క ఎక్కువ, ఎదురు పక్క తక్కువ వస్తే రాడ్ వంగుతోందన్నమాట, అంటే ఫిక్స్‌చర్ వంకరగా ఉంది. నిలువు లోడ్ ఫెటీగ్ టెస్టుల్లో వంపు వల్ల వచ్చే స్ట్రెస్ 5 శాతం దాటకూడదన్నది చాలామంది పాటించే హద్దు. దాటితే షిమ్‌లు (సందులో పెట్టే పల్చని రేకులు) సర్ది మళ్లీ చూడాలి. ఈ ఒక్క పనికి రెండు రోజులు పట్టినా పట్టనివ్వండి.

తర్వాత ట్రిప్ లిమిట్లు, అంటే ఏది దాటితే రిగ్ తనంతట తానే ఆగాలో (ట్రిప్ అవ్వాలో) చెప్పే హద్దులు. క్రాక్ పెరిగేకొద్దీ రాడ్ మెత్తబడుతుంది, అదే లోడ్‌కి ఎక్కువ కదులుతుంది. రెసొనెన్స్ రిగ్ (శాంపిల్‌ను దాని సహజమైన ఊపు వేగంలోనే ఊపేది) అయితే ఫ్రీక్వెన్సీ పడిపోతుంది. ఆ మార్పు కొంచెం రాగానే రిగ్ ఆగిపోయేలా పెట్టండి. పూర్తిగా రెండు ముక్కలయ్యేదాకా వదిలితే విరిగిన ముఖాలు ఒకదాన్నొకటి కొట్టుకుని ఆనవాళ్లు చెరిగిపోతాయి.

ఒకసారి మా రిగ్ రాత్రి షిఫ్ట్‌లో ట్రిప్ అయింది. డ్యూటీలో ఉన్న కుర్రాడు రీసెట్ నొక్కి మళ్లీ ఆన్ చేశాడు. కాసేపటికి మళ్లీ ట్రిప్. మళ్లీ రీసెట్. అలా ఏడుసార్లు. ఏడోసారికి విసుగొచ్చి లిమిట్ కాస్త పెంచాడు. తెల్లారి నేను వెళ్లేసరికి క్రాక్ షాంక్‌లో మూడొంతులు దాటి ఉంది, మొదటి ట్రిప్ ఎన్నో సైకిల్‌కి వచ్చిందో చెప్పే లాగ్ లేదు. అతన్ని తిట్టి లాభం లేదు, ట్రిప్ అంటే గోల కాదు, రిజల్ట్ అని మేమెవ్వరం చెప్పలేదు. ఆ రోజు నుంచి రిగ్ మీద ఒక కాగితం అతికించాం: 'ట్రిప్ అయితే ముట్టుకోవద్దు. టైమ్, సైకిల్స్ రాసి ఫోన్ చేయండి.'

మెట్ల పద్ధతి

ఇప్పుడు అసలు పని. రాడ్ కోటి సైకిల్స్‌ను తట్టుకునే లోడ్ ఎంత? స్టెయిర్‌కేస్ అనే పద్ధతి ఉంది, నిజంగానే మెట్లెక్కడం, దిగడం. ఒక అంచనా లోడ్ దగ్గర మొదటి రాడ్ పెట్టండి. కోటి ఆగిందా, తర్వాతి రాడ్‌ను ఒక మెట్టు పైన పెట్టండి. విరిగిందా, తర్వాతి దాన్ని ఒక మెట్టు కింద పెట్టండి. మెట్టు ఎత్తు అంచనా లోడ్‌లో 5 శాతం దగ్గర్లో ఉంటే బాగుంటుంది.

ఊహకు ఒక వరస చెబుతాను. నొక్కుడు అంకెలే చెబుతున్నాను, లాగుడు అదే నిష్పత్తిలో ఉందనుకోండి. 50 దగ్గర మొదటిది ఆగింది. 53 దగ్గర రెండోది ఆగింది. 56 దగ్గర మూడోది 8 లక్షల సైకిల్స్‌కి విరిగింది. వెనక్కి 53. నాలుగోది 31 లక్షలకి విరిగింది. 50. ఐదోది ఆగింది. 53, ఆరోది ఆగింది. 56, ఏడోది విరిగింది. ఇలా వరస 53 చుట్టూ ఊగుతుంటే, సగం రాడ్లు తట్టుకునే లోడ్ అక్కడక్కడే ఉందని తెలుస్తుంది. మొదట అందరికీ వచ్చే అనుమానం: 53 దగ్గర ఒకటి విరిగి ఒకటి ఆగితే టెస్ట్‌లో తప్పుందా? లేదు. ఫెటీగ్ గుణమే అది. ఈ చెదురు ఎంతుందో తెలుసుకోవడానికే ఇంత తంటా.

మూడు జాగ్రత్తలు. కోటి ఆగిన రాడ్‌ను పై మెట్టులో మళ్లీ వాడొద్దు. కింది లోడ్‌లో తిరిగిన ఉక్కు కొన్నిసార్లు ఇంకాస్త గట్టిపడి, లేని బలం చూపిస్తుంది. 15 కంటే తక్కువ శాంపిల్స్‌తో ఈ పద్ధతికి దిగకండి. ఇక మూడోది, ఇది సగటును బాగా చెబుతుంది కానీ చెదురును అంత బాగా చెప్పదు. చిన్న వరస నుంచి వచ్చిన స్టాండర్డ్ డీవియేషన్‌ను (చెదురు కొలతను) గుడ్డిగా నమ్మకుండా, అదే రకం రాడ్ల పాత డేటాతో పోల్చి, రెంటిలో పెద్దది తీసుకోండి.

సగటు 54, డీవియేషన్ 3 వచ్చిందనుకోండి. మూడు డీవియేషన్లు కిందికి వస్తే 45. ఇంజన్‌లో పడేది 40. మధ్యలో ఉన్న ఆ 5 కిలో న్యూటన్లే మీకున్న మార్జిన్. చాలా, చాలదా అన్నది ఓవర్ స్పీడు, ముదిరిన నాకింగ్ (సిలిండర్‌లో మంట అదుపు తప్పి కొట్టడం) లాంటివి ఎంత తరచుగా వస్తాయన్న దాన్ని బట్టి.

బలానికి లోపలున్న లోడ్ కూడా పదేపదే పడితే లోహాన్ని విరిచేస్తుందని చూపించింది ఆగస్ట్ వోలర్ అనే జర్మన్ రైల్వే ఇంజనీర్. 1850లు, 60లలో రైలు ఇరుసుల మీద ఆయన చేసిన ప్రయోగాల నుంచే ఇప్పుడు మనం గీసే ఎస్-ఎన్ కర్వ్ (ఎంత లోడ్‌కి ఎన్ని సైకిల్స్ ఆగుతుందో చూపే గీత) పుట్టింది.

వైబుల్ గీత

అన్నీ ఒకే లోడ్‌లో విరిగేదాకా నడిపితే, ఆ ఆయుష్షులను వైబుల్ పేపర్ (సమయానికి విరిగిన శాతం తిన్నని గీతగా పడేలా గీసిన గ్రాఫ్ కాగితం) మీద పెట్టాలి. స్వీడన్‌కి చెందిన వాలొడ్డి వైబుల్ 1951లో రాసిన వ్యాసంతో ఇది ఇంజనీర్ల చేతికి వచ్చింది. 6 వాల్వ్ స్ప్రింగులు విరిగాయనుకోండి. గంటలను చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా రాయండి. ఒక్కోదానికి ఎదురుగా దాని వరస సంఖ్య నుంచి 0.3 తీసి, మొత్తం సంఖ్యకు 0.4 కలిపిన దానితో భాగించండి. ఆరింటికి వచ్చేవి 10.9, 26.6, 42.2, 57.8, 73.4, 89.1 శాతాలు. వాటిని పేపర్ మీద పెట్టి గీత గీయండి. సాఫ్ట్‌వేర్ చేసి పెడుతుంది, నిజమే. కానీ మొదటి రెండు మూడుసార్లు చేత్తో గీసినవాడికే గీత వంకర పోయినప్పుడు అనుమానం వస్తుంది.

గీత ఎంత నిటారుగా ఉందో చెప్పేదే బీటా. ఒకటి కంటే తక్కువైతే మొదట్లోనే పోతున్నాయి, తయారీలో లోపం ఉంది. ఒకటి దగ్గరుంటే వయసుతో సంబంధం లేకుండా పోతున్నాయి. ఒకటికి బాగా పైన ఉంటే అరిగీ, అలిసీ పోతున్నాయి, ఇంజన్ భాగాల్లో మనం చూడాలనుకునేది ఇదే. 63.2 శాతం పోయే సమయాన్ని ఈటా అంటారు.

బీటా ఎందుకంత ముఖ్యమో చూడండి. రెండు స్ప్రింగ్ డిజైన్లకూ ఈటా 200 గంటలే. ఒకదానికి బీటా 3, ఇంకోదానికి 1.5. నూటికి 10 విరిగే సమయం, అంటే బీ10 లైఫ్, మొదటిదానికి 94 గంటలు, రెండోదానికి 45 గంటలు. ఈటా ఒక్కటే చూసేవాడికి రెండూ ఒకటే. కస్టమర్‌కి కాదు.

గీత మధ్యలో మోకాలులా వంగితే, రెండు రకాల చావులు కలిసిపోయాయన్నమాట. కొన్ని ఉపరితలం లోపంతో, కొన్ని లోపలి మలినంతో విరిగి ఉంటాయి. విరిగిన ముక్కలు చూసి విడదీసి, విడివిడిగా గీయండి. టెస్ట్ ఆపేసేటప్పటికి విరగని శాంపిల్స్‌ను లెక్కలోంచి తీసేయకండి. 'ఇన్ని గంటల దాకా బతికే ఉంది' అన్నది కూడా సమాచారమే, వాటిని సస్పెన్షన్లుగా చేర్చాలి.

టైమ్ తగ్గించుకోవడం

అన్నింటికంటే నిరపాయమైన దారి, పని లేని సమయాన్ని తీసేయడం. ఐడిల్‌లో నిలబడ్డ గంటలు రాడ్‌ను పెద్దగా అలిసిపోయేలా చేయవు, వాటిని వదిలేసి తీవ్రమైన భాగాన్నే తిప్పండి. తర్వాతిది వేగం పెంచడం. వేడి పుట్టనంతవరకు ఉక్కుకు పర్వాలేదు.

లోడ్ పెంచడం మూడో దారి. ఎస్-ఎన్ కర్వ్ వాలు 6 అయితే, 10 శాతం లోడ్ పెంచితే ఆయుష్షు 1.77 రెట్లు తగ్గుతుంది, 20 శాతం పెంచితే సుమారు 3 రెట్లు. వాలు ఒక్కో భాగానికి ఒక్కోలా ఉంటుంది కాబట్టి మీ భాగానిదే వాడండి. వేర్వేరు లోడ్లను కలిపి లెక్కపెట్టాలంటే మైనర్ (Miner) అనే ఆయన పేరుతో ఒక సూత్రం ఉంది. ఒక్కో లోడ్‌లో ఖర్చైన సైకిల్స్‌ను ఆ లోడ్‌లో మొత్తం ఆయుష్షుతో భాగించి అన్నీ కూడితే, ఒకటి వచ్చినప్పుడు విరగాలి. నిజంలో అంతకు ముందే విరగడం చూస్తుంటాం, అందుకని ఒకటిదాకా ఖర్చు పెట్టొద్దు.

రబ్బరు సీళ్లకు వేడి పెంచుతారు. 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందన్నది మోటు లెక్క. దాన్ని రబ్బరు హద్దులోపలే వాడాలి. మామూలు నైట్రైల్ రబ్బరును తొందర కోసం 150 డిగ్రీల్లో పెడితే, ఇంజన్‌లో అది ఎప్పుడూ చావని రకంగా చస్తుంది. ఏ దారిలో తొందరపెట్టినా అడగాల్సింది ఒకటే: ఇది విరిగిన తీరు, బయట విరిగే తీరు ఒకటేనా?

ఇంజన్ మొత్తాన్ని డైనో మీద

రిగ్ మీద భాగం నిలిచాక ఇంజన్‌లో పెట్టి డైనో (ఇంజన్ మీద లోడ్ వేసి పవర్ కొలిచే యంత్రం) ఎక్కించండి. రిగ్ చూపించలేనివి ఇక్కడ బయటపడతాయి: భాగాల మధ్య వైబ్రేషన్, ఆయిల్‌లో చెత్త, వేడికి వంగే బ్లాక్. విమానాల పిస్టన్ ఇంజన్లకు అమెరికా నియమాలు 150 గంటల ఎండ్యూరెన్స్ టెస్ట్ అడుగుతాయి. రోడ్డు వాహనాల ఇంజన్లకు ఒక్కో కంపెనీకి ఒక్కో షెడ్యూల్ ఉంటుంది, వందల గంటల్లో. ఫుల్ పవర్, ఫుల్ టార్క్, ఐడిల్, కాసేపు ఓవర్ స్పీడు, మళ్లీ మొదటి నుంచి.

హెడ్, గ్యాస్కెట్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కోసం థర్మల్ షాక్ టెస్ట్ వేరుగా చేయాలి. ఫుల్ లోడ్‌లో ఇంజన్ బాగా వేడెక్కాక లోడ్ తీసేసి, ఒక్కసారిగా చల్లని కూలెంట్ పంపుతారు. అలా వందల, వేల సార్లు. రెండు వాల్వ్‌ల మధ్యనున్న సన్నని వంతెనలో క్రాక్ వచ్చేది ఇక్కడే.

నడుస్తున్నప్పుడు చూడాల్సినవి: బ్లో-బై (పిస్టన్ పక్క నుంచి కిందికి జారే గ్యాస్), ఆయిల్ ఖర్చు, కంప్రెషన్. ప్రతి 50 గంటలకు ఆయిల్ శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపండి. ఇనుము పెరిగితే లైనర్, క్యామ్, క్రాంక్ వైపు చూడాలి. అల్యూమినియం అయితే పిస్టన్. రాగి, సీసం, తగరం అయితే బేరింగులు. సిలికాన్ పెరిగితే ముందు ఎయిర్ ఫిల్టర్‌ను అనుమానించండి, దుమ్ము వస్తోంది. సోడియం, పొటాషియం కనిపిస్తే కూలెంట్ లీకవుతోందేమో చూడండి. ఒక్క రీడింగ్ చూసి కంగారు పడొద్దు, వరసగా ఎలా పెరుగుతోందో చూడాలి.

టెస్ట్ మధ్యలో బోల్టులు మళ్లీ బిగించొద్దు. లీకైన గొట్టం మార్చాల్సి వస్తే మార్చండి, కానీ గంట, నిమిషంతో సహా లాగ్‌లో రాయండి.

విరిగిన ముక్క

విరిగింది. ఇప్పుడు అందరూ చేసే మొదటి పని, రెండు ముక్కలూ తీసుకుని ఎలా అతుకుతాయో పెట్టి చూడటం. అది మాత్రం చేయకండి. ముఖాలు ఒకదాన్నొకటి రుద్దుకుంటే సన్నని గీతలు పోతాయి. వైర్ బ్రష్ దగ్గరికి రానీయొద్దు, వేళ్లతో తాకొద్దు. ఫొటో తీశాకే మెత్తని బ్రష్, సాల్వెంట్‌తో ఆయిల్ కడగండి.

పక్క నుంచి లైటు వేసి చూడండి. నున్నగా, నిగనిగలాడే భాగం క్రాక్ మెల్లగా పాకిన చోటు. గరుకుగా, చివరికి ఒక్కసారిగా తెగిన భాగం వేరుగా తెలుస్తుంది. నున్నని భాగంలో ఆలచిప్ప మీద గీతల్లాంటి వలయాలుంటే వాటి కేంద్రమే క్రాక్ పుట్టిన చోటు. రిగ్ మీద లోడ్ ఎప్పుడూ ఒకటే కాబట్టి ఆ వలయాలు చాలాసార్లు కనిపించవు. అవి కనిపించకపోతే ఫెటీగ్ కాదనుకోవద్దు. అంచున చిన్న చిన్న మెట్లుంటే క్రాక్ ఒకేచోట కాక చాలాచోట్ల ఒకేసారి మొదలైందని అర్థం. స్ట్రెస్ మరీ ఎక్కువైనప్పుడు ఇలా అవుతుంది.

పుట్టినచోటు గ్రిప్ అంచునో, పిన్ రుద్దుకుని ఎర్రటి పొడి రాలిన చోటో ఉంటే, విరిగింది మీ ఫిక్స్‌చర్ వల్ల. ఆ శాంపిల్‌ను లెక్కలో 'ఆ గంటల దాకా బతికింది' అని సస్పెన్షన్‌గా వేసి, ఫిక్స్‌చర్ సరిచేసుకోండి. విరగని రాడ్లను కూడా విప్పి మళ్లీ క్రాక్ టెస్ట్ చేయండి, బోల్ట్ పొడవును ముందు రాసుకున్న అంకెతో పోల్చండి. సైకిల్స్ పూర్తయ్యాక బోల్ట్ పొడవు పెరిగి ఉంటే రాడ్ విరగకపోయినా ఆ జాయింట్ పాసైనట్టు కాదు.

బయటి నుంచి వాపసు వచ్చిన విరిగిన రాడ్ ఉంటే పక్కన పెట్టండి. రెండూ ఒకేచోట, ఒకే తీరులో మొదలైతే మీ టెస్ట్ మాటకు విలువ ఉంది. వేర్వేరు చోట్ల మొదలైతే, ఎన్ని శాంపిల్స్ ఆగినా సరే, లోడ్ లెక్క దగ్గరికి తిరిగి వెళ్లాలి.

రిపోర్ట్

'పాస్' అనే మాట రాయకండి. ఇలా రాయండి: 'మూడు బ్యాచ్‌ల నుంచి తీసిన 22 రాడ్లు, 40 నొక్కుడు, 11.5 లాగుడు కిలో న్యూటన్లలో, కోటి సైకిల్స్ దాకా ఒక్కటీ విరగలేదు. ఈ లోడ్‌కి ఈ ఆయుష్షులో 90 శాతం రిలయబిలిటీ, 90 శాతం నమ్మకంతో. స్టెయిర్‌కేస్‌లో విరిగినవన్నీ బోల్ట్ సీటు మూలలోనే మొదలయ్యాయి. వేడి ప్రభావం చూడలేదు.' ఆఖరి వాక్యాన్ని తీసేయమని ఎవరో ఒకరు అడుగుతారు. తీయకండి.

విరిగిన ముక్కలకు పల్చగా ఆయిల్ రాసి, ఒక్కో ముఖాన్ని విడిగా ప్లాస్టిక్ సంచిలో పెట్టి, శాంపిల్ నంబర్, సైకిల్స్ రాసిన చీటీతో డబ్బాలో దాచండి. రెండేళ్ల తర్వాత బయటి నుంచి విరిగిన రాడ్ ఒకటి వస్తుంది. అప్పుడు అందరూ రిపోర్ట్ కోసం వెతుకుతుంటే మీరు ఆ డబ్బా తెరవొచ్చు.